గది తలుపు ఎటు, గాలి ఎటు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇవి 2021లో, కోవిడ్ రోజుల్లో పాఠకులు రాసిన ఉత్తరాలు, వాటికి అప్పుడిచ్చిన జవాబులు. ఆ ఏడు మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ నడిచింది. పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 12 దాకానే బజారు, మిగతా వేళంతా అందరమూ ఇంట్లోనే. ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. ఒకే ఇంట్లో ఒకరికి జబ్బు, మిగిలినవాళ్లకి భయం, అందరికీ వంట: అన్నిటి సారాంశం ఇదే. చికిత్స విషయంలో మీ డాక్టరు మాటే ఆఖరి మాట. ఇంటిని ఎలా సర్దుకోవాలో మాత్రం ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

మా వారికి పాజిటివ్ వచ్చింది. జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప ఆయాసం లేదు, ఇంట్లోనే ఉండమన్నారు. మాది పాతకాలపు మండువా లోగిలి. అత్తగారికి డెబ్బై దాటాయి, షుగరు ఉంది. పిల్లలిద్దరు. స్నానాల గది ఒక్కటే. ఆయన్ని ఏ గదిలో ఉంచాలి? కంచాలూ బట్టలూ ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, అమలాపురం దగ్గర పల్లె

మండువా ఉండటం మీకు కలిసొచ్చే సంగతే. ఇంటి నడుమ ఆకాశం కనపడే లోగిలి గాలికిచ్చినంత దారి ఇప్పటి డాబా ఇల్లు ఇవ్వదు. దగ్గినప్పుడూ మాట్లాడినప్పుడూ వచ్చే సన్నటి తుంపర్లతోనే ఈ జబ్బు ఎక్కువగా పాకుతుంది. తలుపులు మూసిన గదిలో చుట్ట పొగ ఎలా నిలిచిపోతుందో ఆ తుంపర్లూ అలాగే నిలుస్తాయి. అందుకని గది ఎంచేటప్పుడు మంచం కన్నా ముందు కిటికీ చూడండి. బయటి పెరట్లోకి కిటికీ ఉన్న గది ఆయనకివ్వాలి. మండువాలోకి తప్ప ఇంకెటూ తెరుచుకోని గది వద్దు.

మన వైపు ఈ కాలంలో మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి వీస్తుంది. కనక ఉత్తరం వైపో వాయవ్యం మూలో ఉన్న గది అయితే గాలి ఇంట్లోంచి ఆ గదిలోకి వెళ్లి, కిటికీలోంచి పెరట్లోకి పోతుంది. దక్షిణపు గది ఇస్తే దీనికి తలకిందులు. రాత్రిళ్లు గాలి మళ్లుతుంది గనక ఊహ మీద ఆధారపడకుండా చూసుకోండి. గది తలుపు రెండు వేళ్ల సందు ఉంచి, ఆ సందులో వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ గదిలోకి లాగితే సరే. మండువా వైపు తిరిగితే గదిలో గాలి మీ మీదికే వస్తోందని అర్థం. అప్పుడు బల్ల ఫ్యాను ఒకటి కిటికీకి మూరెడు దూరంలో, ముఖం బయటికి ఉండేలా పెట్టి, మళ్లీ పొగతో చూడండి. చాలామంది రోగికి చల్లగా ఉంటుందని కిటికీ దగ్గరి ఫ్యానుని లోపలికి తిప్పుతారు. అది గదిలో గాలినంతా తలుపు సందులోంచి ఇంట్లోకి తోస్తుంది. ఉక్కపోస్తే పైన సీలింగు ఫ్యాను తిప్పుకోవచ్చు. ఏసీ వేసి కిటికీలు మూయడం మాత్రం ఈ పది రోజులూ మానెయ్యండి.

అత్తగారిని మండువాకి అవతలి వైపు, ఆయన గదికి ఎంత దూరమైతే అంత దూరంలో ఉంచండి. పిల్లల్ని కూడా ఆవిడ దగ్గరికి పంపొద్దు. ఇది చాలా ఇళ్లలో మరిచిపోతున్న విషయం. నిన్నటిదాకా నాన్న పక్కన పడుకున్న పిల్లలకి ఏ లక్షణమూ లేకుండానే అంటి ఉండొచ్చు. ఆవిడకి భోజనం మీరు పెట్టి, ఆయనకీ మీరే పెడితే ప్రమాదం మీ చేతుల మీదుగా వెళ్తుంది. చుట్టాల్లో ఎవరైనా రోజుకి రెండుసార్లు అరుగు మీద ఆవిడ క్యారేజీ పెట్టి వెళ్లగలిగితే అడగండి. లేదంటే ముందు ఆవిడ పని అంతా ముగించి, ఆ తర్వాతే ఆయన గది వైపు వెళ్లండి.

ఆయన గుమ్మం దగ్గర ఒక స్టూలు వెయ్యండి. కంచం స్టూలు మీద పెట్టి మీరు పక్కకి తప్పుకున్నాక ఆయన మాస్కు వేసుకుని తలుపు తీసి తీసుకోవాలి. మీరు ఎన్-95 వేసుకోండి. అది దొరక్కపోతే లోపల సర్జికల్ మాస్కు, దాని మీద గుడ్డ మాస్కు. ముక్కు పక్కన సందు ఉంటే ఎన్ని పొరలున్నా లాభం లేదు. గట్టిగా ఊదినప్పుడు కళ్ల మీదికి గాలి వస్తే మాస్కు సరిగా కూర్చోలేదన్నమాట.

స్నానాల గది అందరి పనీ అయ్యాక ఆయన వాడాలి. ఆయన వచ్చేశాక వెంటిలేటరు, తలుపు తెరిచి అరగంట వదిలెయ్యండి. అత్యవసరమై వెంటనే వెళ్లాల్సి వస్తే మాస్కు తియ్యకుండా వెళ్లండి. కొళాయి, చెంబు పట్టుకునే చోటు, గడియ, స్విచ్చి – చెయ్యి పడేవి ఇవే. స్విచ్చిని తడిగుడ్డతో కాకుండా పిండిన గుడ్డతో తుడవాలి. మిగిలినవాటికి బ్లీచింగు నీళ్లు, కొలత కింద ఉంది. ఆయన సబ్బు, తువ్వాలు, చెంబు వేరు.

కంచాలకి ప్రత్యేకంగా చేయాల్సింది లేదు. సబ్బుతో తోమితే చాలు, పారెయ్యక్కర్లేదు. బట్టలు దులపకుండా నేరుగా బకెట్లో వేసి, వేడినీళ్లు, సబ్బుపొడిలో అరగంట నానబెట్టి ఉతికి ఎండలో వెయ్యండి. బజారు సంచుల్నీ పాలప్యాకెట్లనీ గంటలు గంటలు కడుగుతున్నామని రాశారు. ఆ శ్రమంతా కిటికీ మీదా మాస్కు మీదా పెట్టండి. సామాను పట్టుకున్నాక చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కుంటే సరిపోతుంది.

మీకూ పిల్లలకీ పరీక్ష, ఆయనతో చివరిసారి దగ్గరగా మసిలిన నాటి నుంచి ఐదో రోజు మొదలు పదో రోజు లోపల చేయించండి. మర్నాడే చేయిస్తే ఉన్నది కూడా కనపడక నెగెటివ్ రావచ్చు, దాంతో అందరూ ధీమా పడిపోతారు. పరీక్ష ఎక్కడ, కిట్టు ఎక్కడ అన్నది మీ ఊరి ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో అడగండి, లేదా 104కి ఫోను చెయ్యండి.

అమ్మకి పాజిటివ్, ఆరో రోజు. ఆక్సీమీటరు కొన్నాం. ఒకసారి 97 అంటుంది, అయిదు నిమిషాలకి 88 అంటుంది. ఏది నమ్మాలి? బోర్లా పడుకోమంటున్నారు, ఎలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, భీమవరం

88 చూసి గుండె ఆగినంత పని అయి ఉంటుంది. ముందు అమ్మని చూడండి, తర్వాత అంకె చూడండి. ఒక్క వాక్యం కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పలేకపోతున్నా, నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, పెదాలు నీలంగా ఉన్నా, ఛాతీ బిగబట్టినట్టున్నా, మాట తడబడి మగతగా ఉన్నా అంకెతో పని లేదు, 108కి ఫోను చెయ్యండి.

అవేవీ లేకపోతే ఇలా కొలవండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. చెయ్యి చల్లగా ఉంటే రెండు అరచేతులూ రుద్ది వెచ్చబరచాలి. గోళ్లరంగు తుడిచెయ్యాలి. గోరింటాకు ముదురుగా పండిన వేలు వదిలేసి పండని వేలు చూడండి, అన్నీ పండి ఉంటే కాలి వేలికి పెట్టి చూడవచ్చు. చూపుడువేలో మధ్యవేలో గోరు పైకి ఉండేలా లోపలిదాకా పెట్టాలి. చెయ్యి బల్ల మీదో గుండె మీదో ఆనించి ఉంచాలి, గాల్లో వేలాడితే అంకె ఆడుతుంది. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. పెట్టగానే కనపడే అంకె రాయకండి. దాదాపు ఒక నిమిషం ఆగి, అంకె కదలకుండా నిలిచాక రాయండి.

నమ్మొచ్చో లేదో తేల్చుకునే ఉపాయం ఒకటుంది. మిషను రెండు అంకెలు చూపిస్తుంది: ఒకటి ఆక్సిజను, రెండోది నాడి. అమ్మ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. మీరు లెక్కపెట్టిన 90కి మిషను 88, 92 అంటే పర్వాలేదు. మీకు 90 వచ్చి అది 60 చూపిస్తే మిషనుకి నాడి సరిగా అందలేదు, ఆక్సిజను అంకె కూడా లెక్కలోకి రాదు. బ్యాటరీ మార్చి, వేలు మార్చి మళ్లీ చూడండి. ఇంకా అనుమానముంటే ఆరోగ్యంగా ఉన్న మరొకరి వేలికి పెట్టి చూడండి, మధ్యలో స్పిరిటు దూదితో తుడవడం మరిచిపోకుండా.

రోజుకి నాలుగుసార్లు, జ్వరంతో పాటు, కాయితం మీద వేళ వేసి రాయండి. 94, ఆ పైన ఉంటే ఇంట్లో ఉండొచ్చు. 93కి దిగి అక్కడే నిలిస్తే డాక్టరుకి ఆ గంటలోనే చెప్పాలి. 90కి లోపైతే ఆసుపత్రికే. జబ్బు మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు దాకా బాగా కనిపెట్టి ఉండాల్సిన రోజులు. అమ్మ ఇప్పుడు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. జ్వరం తగ్గిందని కొలవడం మానకండి.

నడక పరీక్ష కూడా చేయించండి. కూర్చుని ఉండగా 94 పైన ఉన్నప్పుడే ఇది చెయ్యాలి. మిషను వేలికి ఉంచి గదిలో సమంగా ఉన్న నేల మీద ఆరు నిమిషాలు మామూలుగా నడవాలి, 60 దాటినవారికి మూడు నిమిషాలు చాలు. అంకె 94 కిందికి వచ్చినా, మొదటి అంకె కన్నా 3 తగ్గినా, ఆయాసం వచ్చినా అక్కడితో ఆపి డాక్టరుకి చెప్పాలి. పడిపోకుండా ఒకరు మాస్కుతో పక్కన ఉండాలి.

బోర్లా పడుకోవడం నిజంగా పనికొచ్చే పనే. వెనకవైపు ఊపిరితిత్తుల భాగాలు బాగా తెరుచుకుంటాయి. నాలుగైదు దిండ్లు కావాలి: మెడ కింద ఒకటి, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటి రెండు, మోకాళ్లకి దిగువన కాళ్ల ముందు భాగం కింద రెండు. పొట్ట మరీ అదిమినట్టు ఉండకూడదు. ఒక్కో భంగిమలో అరగంట నుంచి రెండు గంటలు: బోర్లా, కుడి పక్కకి, దిండ్లకి ఆనుకుని కూర్చుని, ఎడమ పక్కకి, మళ్లీ బోర్లా. భోజనం చేసి గంట అయ్యాకే మొదలుపెట్టాలి. గర్భిణులు, పెద్ద గుండెజబ్బు ఉన్నవారు, వెన్నెముక, తుంటి, తొడ ఎముక విరిగినవారు, ఈ మధ్యే కాలి రక్తనాళాల్లో గడ్డకట్టినవారు చెయ్యకూడదు. ఇలా చేస్తే అంకె పెరిగిందని ఆసుపత్రి ప్రయాణం వాయిదా వెయ్యకండి. పడక దొరికేలోపు చేసే పని ఇది.

కర్పూరం, వాము మూట వాసన చూస్తే ఆక్సిజను పెరుగుతుందని ఊరంతా చెప్పుకుంటున్నారు. పెరగదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. ఆ అనిపించడమే మిమ్మల్ని ఆలస్యం చేయిస్తుంది.

మాది లంక గ్రామం. ఒక్కటే గది, పైన తాటాకు. ఐదుగురం. విడిగా ఉండమంటే ఎక్కడుండాలి?
– ఒక రైతుకూలీ

గది లేనివారికి 2021లో ప్రభుత్వ కోవిడ్ కేర్ సెంటరే సరైన చోటుగా ఉండేది. ఊరి వాలంటీరుకి చెప్పినా, 104కి ఫోను చేసినా చోటు చూసేవారు. అక్కడ మంచం, తిండి, రోజూ చూసేవాళ్లు ఉండేవారు. అలాంటి చోటు దొరికేదాకా రోగి మంచం ఇంట్లో వద్దు. అరుగు మీదో, పశువుల పాక ఖాళీగా ఉంటే అందులోనో, నాలుగు గుంజలు పాతి కొబ్బరాకు కప్పిన పందిరి కిందో వెయ్యండి. మూడు వైపులా గాలి ఆడే పందిరి, కిటికీ లేని పక్కా గది కన్నా మేలు. రాత్రి దోమతెర, వాన పడితే కప్పడానికి టార్పాలిను సిద్ధంగా ఉంచండి. ముసలివాళ్లో పసిపిల్లో ఉంటే వాళ్లని అరుగుకి దూరంగా, అవతలి గోడవైపు పడుకోబెట్టండి.

బ్లీచింగు పౌడరు ఎంత నీటికి ఎంత? రోజూ కళ్లాపిలో కలిపి చల్లుతున్నాం, కళ్లు మండుతున్నాయి. కాలవ కట్టేశారు, పంచాయతీ కొళాయి నీళ్లు కూడా వాసన వస్తున్నాయి. తాగే నీళ్లకీ ఇదే వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

కళ్లాపిలో కలపడం ఈ రోజే ఆపండి. పేడనీళ్లలో పడిన క్లోరిను ఆ పేడతోనే ఖర్చైపోతుంది. వాకిట్లో పడేసరికి దానికి శక్తి ఉండదు, మిగిలేది కళ్లమంట ఒక్కటే. వీధినీ వాకిలినీ కడగడం వల్ల ఇంట్లో జబ్బు తగ్గదు. మనుషుల మీద చల్లడం ఇంకా ప్రమాదం.

వస్తువులు తుడవడానికి కొలత ఇది. మంచి పౌడరులో దాదాపు 30 శాతం క్లోరిను ఉంటుంది. 30 గ్రాములు లీటరు నీటిలో వేస్తే దాదాపు ఒక శాతం ద్రావణం అవుతుంది. మరుగుదొడ్డి గచ్చుకీ, వాడిన మాస్కులు ముంచి పారెయ్యడానికీ ఇది. గడియలు, కొళాయిలు, బల్లలకి ఇంత ఘాటు అక్కర్లేదు. ఈ ద్రావణం 100 మిల్లీలీటర్లు తీసుకుని మంచినీళ్లతో లీటరు చెయ్యండి. చెంచాలతో కొలిస్తే పౌడరు ఉండకట్టినదాన్నిబట్టి తేడా వస్తుంది. కిరాణా కొట్టులో ఒకసారి 30 గ్రాములు తూయించి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, అంచు దగ్గర గీత గీసుకోండి. ఇక ప్రతిసారీ ఆ గీతే కొలత.

ప్లాస్టిక్ బకెట్లో ముందు కొద్ది నీటితో ముద్దలా కలిపి, తర్వాత మిగతా నీరు పోసి, పావుగంట తేరనివ్వండి. పైనున్న తేటే వాడాలి, అడుగు సున్నం కాదు. నీళ్లు చల్లగా ఉండాలి, వేడినీళ్లలో క్లోరిను ఎగిరిపోతుంది. తుడిచాక పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి, మంచినీళ్ల గుడ్డతో తుడవాలి, లేకపోతే ఇత్తడి, ఇనుము మచ్చలు పడతాయి. ఏ రోజుది ఆ రోజే. నిన్నటి నీళ్లలో వాసన ఉన్నా పని ఉండకపోవచ్చు. వాసన లేని పాత పౌడరు కొనకండి, మూత బిగించి, ఎండా తేమా తగలనిచోట పెట్టండి.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. మరుగుదొడ్డికి వాడే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపొద్దు. ఒకటి పోసిన వెంటనే రెండోది పోసినా విషవాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో ఆ వాయువుకి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉండగా ఇలా జరిగితే కష్టం రెట్టింపు.

తాగే నీటికి వాడొచ్చు, కొలతే వేరు. వెయ్యి లీటర్ల ట్యాంకుకి 2.5 గ్రాములు. చిన్న గిన్నెలో కలిపి, తేటని మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగాక వాడుకోండి. నీళ్లు బురదగా ఉంటే ఇది పనిచెయ్యదు. ముందు పటిక తిప్పి, మడ్డి దిగాక తేట వంచుకోవాలి. కాలవలు కట్టేసే ఈ వేసవి నెలల్లో చెరువు అడుగుకి పోయేకొద్దీ నీటి వాసన పెరుగుతుంది గనక తాగే నీటిని ఇలా చేశాక కూడా ఒక పొంగు రానిచ్చి మరిగించండి. పసిపిల్లలున్న ఇంట్లో మరీ.

కూరలు వారానికోసారే తెస్తున్నాం, సగం కుళ్లిపోతున్నాయి. ఇంకొకటి, ఏటా ఆవకాయ పదిమందిమి కూడి పెట్టేవాళ్లం. ఈసారి నేనూ కోడలే. నిరుడు పెట్టినది బూజు పట్టింది. ఎందుకని?
– ఒక పెద్దావిడ, పాలకొల్లు

కూరలది వరస తప్పడమే కారణం. మొదటి రెండు రోజులు ఆకుకూరలు, బెండకాయ, చిక్కుడు. తర్వాత రెండు రోజులు బీర, వంకాయ, టమాటా. వారం చివరికి దోసకాయ, కంద, చేమ, గుమ్మడి. కందని కడక్కుండా మట్టితోనే చీకటి మూల పరిస్తే వారాలు నిలుస్తుంది. తెచ్చిన వెంటనే అన్నీ కడిగి పెట్టేసినా కుళ్లుతాయి. వండేముందు పారే నీళ్లలో కడిగితే చాలు. సబ్బు, శానిటైజరు కూరలకి తగలనివ్వకండి, అవి కడుపులోకి పోయేవి కావు. పెరట్లో మునగ ఉన్నవారికి పప్పుకూరకి బెంగ లేదు.

ఆవకాయ సంగతి. బూజుకి కారణం మూడింట్లో ఒకటి: తడి, ఉప్పు తగ్గడం, పైన నూనె నిలవకపోవడం. షుగరూ బీపీ అని ఈ మధ్య ఉప్పు తగ్గించి పెడుతున్నారు. తినేటప్పుడు తగ్గించుకోండి గానీ జాడీలో తగ్గించకండి. ఇద్దరే ఉన్నారు గనక వంద కాయలు ఒకేరోజు పెట్టుకోవద్దు. పాతికేసి కాయలు, రెండు మూడు విడతలుగా. కొట్టిన ముక్క ఆ పూటే కలిపెయ్యాలి, సాయంత్రం దాకా ఉంటే నీరు వదులుతుంది.

కొత్తపల్లి కొబ్బరి గానీ సువర్ణరేఖ గానీ, ముదిరిన పుల్లటి కాయ తీసుకోండి. కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద ఆరనివ్వాలి. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి. జీడి తీసేసి, టెంక లోపలి పల్చని పొర గుడ్డతో తుడిచెయ్యాలి. తడి ఎక్కువగా దాక్కునేది ఆ పొరలోనే. నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె దంచిన ఉప్పు, రెండు చెంచాల మెంతులు, గిన్నెన్నర పప్పునూనె. ఆవాలూ ఉప్పూ విడివిడిగా ఎండబెట్టి దంచాలి. ముక్కని ముందు నూనెలో ముంచి, ఆ తర్వాత పొడిలో పొర్లించి జాడీలో వెయ్యండి. మూడోనాడు అడుగు నుంచి తిరగేసి, ఉప్పు చూసి, నూనె ముక్క మీద వేలెడు నిలవకపోతే మళ్లీ పొయ్యండి. తడి గరిటె పెట్టేవాళ్లని జాడీ దగ్గరికి రానివ్వకండి.

ఒక్క ఫోను, ఇద్దరు పిల్లలు. పొద్దస్తమానం దానికోసమే పోట్లాట.
– ఒక తండ్రి, రావులపాలెం

ఫోను ఎవరిదో ముందు తేల్చండి. అది ఇంటిది. హాల్లో, ఛార్జింగు దగ్గర దానికొక చోటు పెట్టండి, మంచం మీదికి వెళ్లకూడదు. పాఠం ఉన్న వేళ చదివేవాడిది, మిగతా వేళల్లో చెరొక అరగంట, గోడమీద గడియారం చూసి. పాఠాల వీడియోలు తక్కువ నాణ్యతలో పెడితే డేటా బాగా ఆదా అవుతుంది, అక్షరాలు కనపడితే చాలు గదా. టీవీలో వచ్చే పాఠాలకి అసలు డేటాతో పని లేదు.

ఖాళీ చేతులు ఫోను మీదికే పోతాయి. చిన్నవాడికి వామనగుంతలు నేర్పండి: రెండు వరసల్లో ఏడేసి, 14 గుంతలు, గుంతకి ఐదేసి చింతపిక్కలు, మొత్తం 70. పీట లేకపోతే పెరట్లో మట్టిలో తవ్వినా సరే. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఖాళీ గుంత వస్తుందో ముందే లెక్కగట్టే పిల్లవాడికి ఎక్కాలు విడిగా వల్లెవేయించక్కర్లేదు. పెద్దదానికి ఇంటి బాధ్యత ఒకటి పూర్తిగా అప్పగించండి: బియ్యం, పప్పు ఎంతున్నాయో వారం వారం కొలిచి రాయడం, తాతగారి మందుల డబ్బా నింపడం. ఉత్తినే పని చెప్పడం కాదు, ఆ లెక్క మీద మీరు నిజంగా ఆధారపడాలి. అప్పుడే చేస్తారు.

నాన్నగారికి ఇన్సులిన్. మధ్యాహ్నాలు కరెంటు పోతోంది. ఫ్రిజ్ ఆగితే మందు పాడవుతుందా?
– ఒక కొడుకు, రాజోలు

గంట రెండు గంటలు పోతే ఏమీ కాదు, ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంటే చాలు. వాడుతున్న సీసా 30 డిగ్రీలు మించనిచోట బయట ఉన్నా సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది, పెట్టెలోని కాయితంలో ఎన్ని రోజులో చూడండి. మన ఎండకి ఇంట్లో 30 ఉండదు గనక మట్టికుండ వాడండి. వెడల్పు మట్టిమూకుడులో తడి ఇసుక పోసి, దాని మీద చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ని మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. ఇసుక ఆరనివ్వకూడదు, నీడలో గాలి తగిలేచోట ఉండాలి. డీప్ ఫ్రీజరులో మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా కనపడితే పారెయ్యండి.

బీపీ, షుగరు మందులు నెలకి సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. డాక్టరుని కలవలేకపోతే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా ఇంటి నుంచే మాట్లాడొచ్చు. ఎవరో చెప్పారని స్టీరాయిడ్ మాత్రలు వెయ్యకండి. షుగరు ఉన్నవారికి అవి ఒక్క రోజులో లెక్క తప్పిస్తాయి.

అందరూ ఇంట్లోనే. రోజుకి నాలుగుసార్లు వంట, ఆరుసార్లు టీ. పనిమనిషి రావడం లేదు. నడుం విరిగిపోతోంది. చెప్తే మా వారు ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అంటారు.
– ఒక ఉద్యోగిని, తణుకు

ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు. అడగడానికి మొహమాటపడకండి, కానీ ‘సాయం చెయ్యండి’ అని అడిగితే మళ్లీ పని మీదే, మాట సాయం ఆయనది అవుతుంది. మొత్తం పనుల్ని కాయితం మీద రాసి, రెండు మూడు పూర్తిగా ఆయన పేరు మీద రాయండి: గిన్నెలు, నీళ్లు పట్టడం, రాత్రి భోజనం. అందులో మీరు వేలు పెట్టొద్దు, ఆలస్యమైనా సరే. పొద్దున్న ఒకేసారి ఫ్లాస్కులో టీ, కావలసినవారు వంపుకోవాలి. రాత్రికి పెసరకట్టు, అన్నం, పచ్చడి ఉన్న రోజున ఎవరూ పస్తుండరు.

ఇంట్లో కొడుతున్నారని రాసి, ఊరు పేరు వెయ్యవద్దని కోరిన పాఠకురాలికి: కర్ఫ్యూలో కూడా 181 (మహిళల సహాయవాణి), 112 (అత్యవసర సేవ) రెండూ పనిచేస్తాయి. మాట్లాడే వీలు లేనివారికి 2021లో ఆంధ్ర పోలీసుల దిశ యాప్ ఉండేది, ఆపదలో ఫోను ఊపినా పోలీసులకి సమాచారం వెళ్లేది. ఆధార్, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు ఒక సంచిలో వేసి నమ్మకమైనవారి ఇంట్లో ఉంచండి. కొట్టడానికి కర్ఫ్యూ కారణం కాదు, మీ తప్పు అంతకన్నా కాదు.

పది రోజులైంది. మావయ్యగారు గదిలోంచి ఎప్పుడు రావచ్చు? మళ్లీ పరీక్ష కావాలా?
– ఒక కోడలు, తాడేపల్లిగూడెం

2021 నాటి నియమం ప్రకారం లక్షణాలు మొదలైన రోజు నుంచి కనీసం 10 రోజులు గడవాలి, అందులో చివరి మూడు రోజులు జ్వరం మాత్ర వెయ్యకుండానే జ్వరం లేకుండా ఉండాలి. ఇంట్లో ఉండి కోలుకున్నవారికి మళ్లీ పరీక్ష అక్కర్లేదు. చనిపోయిన వైరసు ముక్కలకి కూడా పరీక్షలో పాజిటివ్ వస్తుంది, దాంతో అనవసరంగా ఇంకో పది రోజులు గదిలో పెడుతున్నారు. దగ్గు, నీరసం, నోటికి రుచి తెలియకపోవడం కొన్ని వారాలు ఉండొచ్చు. గది కిటికీలు రోజంతా తెరిచి, పరుపు ఎండలో వేసి, గచ్చు కడిగితే చాలు.

తినలేకపోతున్నారని రాశారు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. కోడిగుడ్డు, చేప, పప్పు, పెరుగు – వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. జావతోనే గడిపేస్తే కండ కరిగిపోతుంది. విరేచనాలుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి కలిపి తాగించండి. కొబ్బరినీళ్లు మంచివే గానీ కిడ్నీ జబ్బున్నవారికి డాక్టరుని అడగకుండా ఇవ్వొద్దు.

ఆయనకి షుగరు ఉందన్నారు, స్టీరాయిడ్ కూడా వాడారు గనక ఇంకో నెల జాగ్రత్తగా కనిపెట్టండి. రోజూ షుగరు చూసి రాయండి. ఒకవైపు ముఖం వాచినా, నొప్పిగా మొద్దుబారినట్టున్నా, ముక్కులోంచి నల్లగా గానీ నెత్తురు కలిసి గానీ కారినా, పైపళ్లు కదిలినా, ఒక కంటికి చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనపడినా తెల్లారేదాకా ఆగకండి. అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రిలో చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించాలి, మీ దగ్గరున్న షుగరు లెక్కల కాయితం, వాడిన మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.